కూత తగ్గిన కబడ్డీ

కబడ్డీలో ఏడుగురు ఏడుగురుగా రెండు జట్లు తలపడతాయి. ఒక జట్టులోంచి ఒక్కడు కూత పెట్టుకుంటూ నడిగీత దాటి అవతలి బరిలోకి వెళ్ళాలి, అక్కడ ఎవరినో ఒకరిని తాకాలి, ఊపిరి తెగకముందే పట్టుబడకుండా వెనక్కి రావాలి. బంతి లేదు, బ్యాటు లేదు. కూత, కాలు, పట్టు, ఈ మూడే ఆటకు పెట్టుబడి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళు చెడుగుడు అని పిలిచే ఆట ఇదే. ఆ ఊళ్ళ పిల్లలే ఇవాళ కాలేజీ జట్లలో ఆడుతున్నారు. వాళ్ళకు ఒళ్ళు ఉంది, వేగం ఉంది, టీవీలో చూసి నేర్చిన దూకుడు ఉంది. పలచబడుతున్నది ఆటలోని పనితనం.

ఉదయగిరి నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్ల దూరాన కొండకోట కింద ఉంది. ఆత్మకూరు 50 కిలోమీటర్లకు పైగా దూరంలో, నెల్లూరు-ముంబయి రహదారి మీద ఉంది. తూర్పున పెన్న కాలవల కింద వరి పండే సీమకూ, వానమీద ఆధారపడే ఈ మెట్టకూ సేద్యం తీరే వేరు. పొగాకు, మినుము, కంది, సజ్జ ఇక్కడి పంటలు. కలిగిరిలోనూ డి.సి.పల్లిలోనూ పొగాకు వేలం కేంద్రాలున్నాయి. మెట్ట సేద్యంలో కొన్ని నెలలు ఊపిరాడని పని, కొన్ని నెలలు తీరిక. ఆ తీరికలోనూ, సంక్రాంతికీ, తిరునాళ్ళకూ ఖర్చు లేకుండా ఆడుకోగలిగింది చెడుగుడే. చదును నేల మీద రాళ్ళు ఏరి, ఇసుక చల్లి, సున్నంతోనో బూడిదతోనో గీతలు గీస్తే బరి సిద్ధం. చెప్పులు కూడా అక్కర్లేదు.

పోటీల బరికి మాత్రం కొలతలు ఖాయం. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. స్త్రీలకు 12, 8 మీటర్లు. రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీలుంటాయి. పెనుగులాట మొదలయ్యేదాకా వాటిలో కాలు పెట్టకూడదు. పురుషుల బరిలో నడిగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి మరో మీటరు లోపల బోనస్ లైను ఉంటాయి. కూతకు వెళ్ళినవాడు ఎవరినైనా తాకాలి, లేదా కనీసం బాక్ లైను దాటి రావాలి. ఆరుగురో ఏడుగురో ఎదుట ఉన్నప్పుడు బోనస్ లైను దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాలిలో ఉంచితే ఒక పాయింటు. జట్టంతా అవుటైతే అవతలివాళ్ళకు అదనంగా 2 పాయింట్లు, దాన్నే లోనా అంటారు.

నియమాలకు ఈ రూపం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1923లో బరోడాలో ఆటకు నిబంధనలు కూర్చారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి (మహారాష్ట్రలోని అమరావతి) దీన్ని ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. పురుషుల మొదటి జాతీయ పోటీలు 1952లో మద్రాసులో జరిగాయి. అప్పటికి ఉదయగిరి, ఆత్మకూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. అవుటైనవాడు తనవాళ్ళు పాయింటు తెచ్చినప్పుడు తిరిగి బరిలోకి వచ్చే సంజీవని పద్ధతి పోటీల్లో స్థిరపడింది. గామిని అనే పాత పద్ధతిలో ఆ అవకాశం లేదు. ఒకసారి చచ్చినవాడు జట్టంతా చచ్చేదాకా గీత బయట కూర్చోవలసిందే. ఒక్క తప్పుకు అంత మూల్యం ఉన్నచోట ఆటగాడు తొందరపడడు. ఓపిక అలాంటి ఆటలోనే అలవడుతుంది.

మూడు విద్యల్లో మొదటిది కూత. అవతలి నేల మీద కాలు పెట్టకముందే మొదలవ్వాలి, స్పష్టంగా వినిపించాలి, మధ్యలో గాలి పీల్చకూడదు. ఇప్పుడు ఒక్కో కూతకు 30 సెకన్ల గడువు ఉంది. కూర్చుని 30 సెకన్లు కూత లాగడం ఎవరికైనా సాధ్యమే. మోకాళ్ళు వంచి, అటూ ఇటూ పరుగులాంటి అడుగులు వేస్తూ, ఏడుగురి చూపుల మధ్య లాగడం వేరే సంగతి. తొడలు మండుతుంటే ఒళ్ళు గాలి అడుగుతుంది, నోరు దాన్ని బయటికే పంపుతుంటుంది. తెలిసినవాడు గొంతు తగ్గించి, కింది స్థాయిలో, గాలిని పొదుపుగా వదులుతాడు. కూత మంద్రంగా, ఒకే తీరుగా సాగినంతసేపు అతని దగ్గర ఎంత ఊపిరి మిగిలిందో ఎదుటివాళ్ళకు తెలియదు. గొంతు పైకెక్కి సన్నబడిందంటే వెనక్కి తిరగబోతున్నాడని అర్థం. మూలన నిలబడ్డ పాత ఆటగాడు చూపుతో పాటు చెవినీ దానిమీదే ఉంచుతాడు. ఊపిరి చాలని రైడరు (కూతకు వెళ్ళినవాడు) తిరిగే క్షణమే అతను కాచుకున్న క్షణం.

రెండోది కాలు. రైడరు చేతులు ఊపుతూ కనిపించినా నిజమైన పని కిందే జరుగుతుంది. అన్నిటిలోకీ కష్టమైనదీ అందమైనదీ కాలి వేలితో తాకడం, దీన్నే టో టచ్ అంటారు. ఒళ్ళు బరువంతా వెనక కాలి మీద ఉంచి, ఆ మోకాలిని బాగా వంచి, నడుము కిందికి దించుతారు. ముందుకాలు నేలకు తగిలీ తగలనట్టు జారుతూ వెళ్ళి ఎదుటివాడి వేళ్ళను తాకుతుంది. తాకిన వెంటనే వెనక కాలే ఒంటిని లాగెయ్యాలి. బరువు ఏమాత్రం ముందుకు ఒరిగినా ఆ కాలు శత్రువు చేతికి అప్పజెప్పినట్టే. మొదటి రెండు జారులు ఉత్తుత్తివిగా వేసి, ఎదుటివాడి కాలు కాస్త ముందుకు వచ్చేదాకా ఆగి, మూడోదాన్ని నిజం చేయడం ఇందులోని నేర్పు. చెయ్యి విసిరి తాకడం, పక్కకు తన్నడం, వెనక్కి తిరిగినట్టే తిరిగి మడమతో తాకడం, చేతులు కలిపి నిలబడ్డవాళ్ళ గొలుసు కిందినుంచి దూరి బయటపడడం (దీన్ని డుబ్కీ అంటారు) కూడా ఉన్నాయి. ఇవన్నీ చూడ్డానికి బాగుంటాయి. అయితే టో టచ్ తెలిసినవాడికి ఎదుటి బరి అంతా భయపడి ఒక అడుగు వెనక్కి నిలబడుతుంది. ఆ అడుగే మిగతా విద్యలన్నిటికీ చోటిస్తుంది.

మూడోది పట్టు. ఏడుగురూ ఒకే వరసలో ఉండరు. రెండు చివర్లా కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు, తర్వాత కవర్లు, నడుమ సెంటర్. కార్నర్ విద్య చీలమండ పట్టు. మోకాళ్ళు వంచి, బరువు కాలి వేళ్ళ మీద ఉంచి కూర్చున్నట్టుగా నిలబడతాడు. చూపు రైడరు చేతుల మీద ఉండకూడదు, నడుము మీద ఉండాలి. చెయ్యి మోసం చేస్తుంది, నడుము చెయ్యదు. ముందుకాలు జారి వస్తున్నప్పుడు దూకకూడదు. అది చాచుకుని నేలకు ఆనిన క్షణాన కిందికి దిగి, ఒక చేత్తో మడమ వెనకనుంచీ, ఇంకో చేత్తో చీలమండ ముందునుంచీ బిగించి, భుజాన్ని ముంగాలికి ఆనించాలి. అప్పుడు కాలిని పైకెత్తి వెనకగీత వైపు లాగితే రైడరు ఒంటికాలి మీద మిగులుతాడు. ఈలోపు ఇన్, కవర్ అతనికీ నడిగీతకూ మధ్య అడ్డం పడాలి. ఆ ఇద్దరూ రాకపోతే ఎంత మంచి పట్టైనా దండగే. రైడరు ఒళ్ళు ముందుకు పడేసి వేలి కొసతో నడిగీత తాకినా పట్టుకున్నవాళ్ళందరూ అవుట్. జుట్టు, బట్ట పట్టుకోవడం, నోరు మూయడం, కాళ్ళతో కత్తెర వెయ్యడం నిషిద్ధం.

గొలుసు పట్టు ఇద్దరి పని. చేతులు కలిపి నిలబడి, రైడరు ఒక గీత దాకా లోపలికి రాగానే ఇద్దరూ ఒకేసారి కదిలి నడుము చుట్టూ బిగిస్తారు. చెప్పడానికి రెండు ముక్కలే. ఎప్పుడు కదలాలన్నది మాటతో చెప్పలేరు, పక్కవాడి చేతి బిగువుతోనే తెలియాలి. అది తెలియడానికి ఆ ఇద్దరూ నెలల తరబడి పక్కపక్కన ఆడి ఉండాలి.

కాలేజీ ఆటలో ముందుగా దెబ్బతిన్నది ఈ ఉమ్మడి విద్యే. అంతర్ కళాశాల పోటీలకు కొద్దిరోజుల ముందు జట్టు కూర్చితే ఏడుగురు మంచి ఆటగాళ్ళు దొరుకుతారు, గొలుసు దొరకదు. అందుకే ఎవరికి వారు దూకుతారు. రైడరు ఇంకా బాక్ లైను దగ్గర ఉండగానే కార్నర్ మీదపడతాడు, కవర్ అక్కడే నిలబడి చూస్తాడు, రైడరు పాయింటు పట్టుకుని వెళ్ళిపోతాడు. జనం దాన్ని రైడరు గొప్పగా చూస్తారు. నిజానికది పట్టు లేకపోవడం.

2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్ ఈ ఆటకు ఎప్పుడూ లేని గౌరవం తెచ్చింది. తెలుగు టైటాన్స్ జట్టుతో మెట్ట ఊళ్ళ కుర్రాళ్ళకు కూడా అభిమాన ఆటగాళ్ళు ఏర్పడ్డారు. లీగ్‌లో ఒక నియమం ఉంది: రెండు కూతలు వరసగా ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, తేకపోతే రైడరు అవుట్. ఆట ఆగిపోకుండా చూడ్డానికి పెట్టిన ఈ నియమం చిన్న స్థాయికి దిగేసరికి వేరే అలవాటు నేర్పింది. మొదటి రెండు కూతలూ బాక్ లైను దాటి వచ్చేయడానికే వాడుకుంటారు. వేలు చాచే ప్రయత్నమైనా ఉండదు. మూడోసారి వచ్చేవాడు తాకి తీరాలని ఎదుటివాళ్ళకు తెలుసు కాబట్టి వాళ్ళు ఊరికే కాచుకుంటే చాలు. టో టచ్ రానివాడు పైనుంచి చెయ్యి విసురుతాడు, ఛాతీ చేతికి దొరుకుతుంది. పెద్ద ఆటగాళ్ళు ఆ రెండు ఖాళీ కూతల్లో ఎదుటి కార్నర్ తొందరపాటును చదువుతారు, మూడోదానికి దారి వేసుకుంటారు. తెర మీద కనిపించేది ఖాళీ కూతే. లోపల జరిగే చదువు కనిపించదు.

కూత కూడా అలాగే పలచబడింది. 30 సెకన్ల గడియారం ఉంది కాబట్టి ఊపిరికి పని లేదన్న భావన కుర్రాళ్ళలో ఉంది. చిన్న పోటీల్లో గొణుగుడును కూడా కూతగా సాగనిస్తే ఆ భావన బలపడుతుంది. ఆటకు ప్రాణమైన నియమాన్ని చూసీ చూడనట్టు వదిలేయడం కంటే పెద్ద అన్యాయం ఆ కుర్రాళ్ళకు ఇంకొకటి లేదు. గొణిగి నెగ్గినవాడు కచ్చితమైన అంపైరు ఎదుట నిలబడేసరికి హెచ్చరిక తిని, ఆపైన పాయింటు పోగొట్టుకుంటాడు.

ఈ పలచదనానికి మూలం కాలేజీలో కంటే ముందే, ఇంటర్‌లో ఉంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మైదానం ఉంటుంది, చాలాచోట్ల వ్యాయామ ఉపాధ్యాయుడుంటాడు, 14, 17 ఏళ్ళలోపు వారికి పాఠశాలల పోటీలుంటాయి. అక్కడ కాలు జార్చడం నేర్చిన పిల్లవాడు పదో తరగతి కాగానే నెల్లూరులోనో ఇంకెక్కడో హాస్టల్ కాలేజీలో చేరతాడు. అద్దె భవనం, పొద్దున్నించి రాత్రిదాకా తరగతులు, ఆదివారం పరీక్ష. వేళ్ళ బిగువు, నడుము బలం, సమయజ్ఞానం కుదురుకోవలసిన ఆ రెండేళ్ళూ ఆట లేకుండా పోతాయి. డిగ్రీలోకి వచ్చాక ఒళ్ళు పెరిగి ఉంటుంది, విద్య పదిహేనో ఏటనే ఆగి ఉంటుంది. డిగ్రీలో 2015-16 నుంచి వచ్చిన సెమిస్టర్ పద్ధతిలో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు; నిలకడగా సాధన సాగే కాలం ఇంకా తగ్గింది. ఈ ప్రాంతపు కాలేజీలు మునుపు తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి, 2008లో నెల్లూరు కేంద్రంగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. పోటీలు దగ్గరయ్యాయి, సాధన దగ్గర కాలేదు.

ఊరి పోటీల్లో బహుమతి సొమ్ము పెరిగినచోట బయటి ఆటగాళ్ళను తెచ్చుకునే అలవాటు కూడా ఉంది. ఆట చూడ్డానికి బాగుంటుంది, ఊరి కుర్రాడు మాత్రం గీత బయటే నిలబడతాడు.

ఓపికగల పట్టు విలువ ఏమిటో 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో తేలింది. 1990 నుంచి పురుషుల కబడ్డీలో ప్రతిసారీ స్వర్ణం గెలిచిన భారత్‌ను ఇరాన్ సెమీఫైనల్లో 27-18తో ఓడించింది. స్త్రీల ఫైనల్లోనూ ఇరానే గెలిచింది. ఫజల్ అత్రాచలి లాంటి కార్నర్లున్న జట్టు అది. 18 పాయింట్లకే భారత్‌ను కట్టేసిందంటే కూర్చుని కాచుకోవడం వాళ్ళకు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. 2023లో హాంగ్‌జౌలో భారత్ రెండు స్వర్ణాలూ తిరిగి తెచ్చుకుంది, పురుషుల ఫైనల్లో ఇరాన్ మీద 33-29తో.

పెద్ద పోటీలు ఇప్పుడు మ్యాట్ మీద, బూట్లతో జరుగుతాయి. మ్యాట్ మీద అడుగు పట్టుకుంటుంది కాబట్టి వేగం ఎక్కువ, కాలు జార్చడానికి తీరు మార్చుకోవాలి. ఉదయగిరి కుర్రాడు మట్టి మీద నేర్చి నేరుగా మ్యాట్ ఎక్కితే మొదటి ఆట అడుగులు సరిచూసుకోవడంతోనే సరిపోతుంది. అయినా మొదటి చదువుకు మట్టే మంచిది. ఇసుక పోసిన బరిలో పడితే దెబ్బ తక్కువ, చీలమండ పట్టు వెయ్యిసార్లు సాధన చెయ్యవచ్చు. మొదట సగం వేగంతో ఒక కార్నరూ ఒక రైడరూ, తర్వాత ఇన్‌ను కలిపి ముగ్గురు, ఆపైన గొలుసు. కూతకు వేరే సాధన: మోకాళ్ళు వంచి, పక్క అడుగులతో బరి అడ్డంగా తిరుగుతూ, రోజురోజుకు కొద్దిగా కాలం పెంచడం. దీనికి డబ్బు అక్కర్లేదు. ఒకే జట్టు ఏడాది పొడుగునా కలిసి ఉండడం కావాలి.

ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకే ఆవరణలో నడిచే ఆదర్శ పాఠశాలల్లోనూ, ఇంటర్ వరకు పెంచిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లోనూ అలా కలిసి ఉండే వీలుంది. పదో తరగతి దగ్గర ఆట తెగిపోదు. కస్తూర్బాలో ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు కాబట్టి సాయంత్రం సాధనకు దూరాభారం అడ్డురాదు. స్త్రీల బరి చిన్నది, బాక్ లైను నడిగీతకు 3 మీటర్లలోనే ఉంటుంది, ప్రతి అడుగూ పట్టుకు దగ్గరగా పడుతుంది. ఏడో తరగతిలో పక్కపక్కన చేతులు కలిపిన ఇద్దరు పిల్లలు ఇంటర్ ముగిసేదాకా అదే గొలుసులో ఆడగలిగితే, డిగ్రీ కాలేజీకి వాళ్ళు విడి ఆటగత్తెలుగా కాక సిద్ధమైన జోడీగా చేరతారు.