గోడపటముపై కొలిచిన ఆకాశమార్గము

తుని నుండి విశాఖపట్టణము ఎంత దూరమో ఆంధ్రప్రదేశ్ పటముమీద స్కేలు పెట్టి కొలిస్తే చిక్కేమీ లేదు. తిన్నగా సుమారు 80 కిలోమీటర్లు వస్తుంది. అంత చిన్న మేరలో భూమి గుండ్రదనము లెక్కకు రాదు. ఇదే పద్ధతిని ప్రపంచపటానికి ప్రయోగించి, ఖండాంతర విమానము ఎన్ని గంటలలో చేరునో లెక్క కట్టించుట మాత్రము విమర్శింపదగినది. తుని వంటి ఊళ్ళలో కూడ అమెరికాలో బంధువులున్న విద్యార్థులు నేడు కలరు. వారికిది కేవలము పుస్తకములోని ప్రశ్న కాదు.

పాఠశాల గోడలమీద తరచు కనిపించే మెర్కేటరు పటమునే తీసుకొందాము. హైదరాబాదు నుండి షికాగోకు ఎయిరిండియా 2021 జనవరిలో మధ్యలో ఎక్కడా ఆగని విమానమును ప్రారంభించినది. ఈ రెండు నగరములను పటముమీద సరళరేఖతో కలిపితే అది అరేబియా, సహారా, అట్లాంటికు మీదుగా పోతుంది. భూమధ్యరేఖ దగ్గరి కొలమానముతో దాని పొడవు సుమారు 18,800 కి.మీ. గంటకు 900 కి.మీ. వేగమున దాదాపు 21 గంటలు!

ఇందులో తప్పులు రెండు. మొదటిది కొలమానము. ఈ పటములో ధ్రువములవైపు పోనుపోను పొడవులు సాగిపోతాయి. 60వ అక్షాంశము దగ్గర రెండింతలవుతాయి. ఈ సాగుదలను సరిచేస్తే ఆ దారి నిజానికి 16,100 కి.మీ. మాత్రమే. రెండవది దారి. పటముమీది సరళరేఖ భూగోళముమీద దగ్గరి దారి కాదు. గోళముమీద రెండు నగరముల మధ్య దారమును బిగించి పట్టి చూడండి. అది ఉత్తరముగా సాగి, 79వ అక్షాంశము దాకా ఎక్కి, ధ్రువమునకు ఆవలి వైపు దిగుతుంది. ఆ దూరము 13,300 కి.మీ. అదే వేగమున 15 గంటలు.

గాలులను బట్టి, ఏ దేశముమీదుగా పోవుటకు అనుమతి ఉన్నదో దానిని బట్టి, అసలు ప్రయాణకాలము కొంత మారును. పడమటి నుండి తూర్పుకు వీచే ఎత్తైన గాలులవలన రాకకూ పోకకూ కూడ తేడా ఉండును. కాని ఆరుగంటల పొరపాటు గాలిది కాదు, పటముది.

మెర్కేటరును నిందించుట న్యాయము కాదు. 1569లో ఆయన ఈ పటమును నావికులకై గీసెను. దిక్సూచి చూపే ఒకే దిక్కున పోయే దారి ఇందులో సరళరేఖ అవుతుంది. ఆ పనికి ఇది నేటికీ మేలైనదే. దూరములను కొలుచుటకు దీనిని వాడుటయే తప్పు.

ఈ లెక్కలో విద్యార్థి గుణకార భాగహారములు సరిగానే చేయును. అయినను జవాబు తప్పును. అతడు ఆ తప్పును కనిపెట్టుటకు మార్గము కూడ ఉండదు. కనుక ఉపాధ్యాయులు పటము ప్రక్కన ఒక గోళమును, ఒక దారమును ఉంచవలెను. 30 సెంటీమీటర్ల వ్యాసముగల గోళముమీద ఒక సెంటీమీటరు సుమారు 425 కి.మీ.లకు సమానము. హైదరాబాదు, షికాగోల నడుమ దారము 31 సెంటీమీటర్లకు కొంచెము మించి వచ్చును. మిగిలిన లెక్క విద్యార్థులే కట్టగలరు.