సామాజిక దర్యాప్తు అనే నైపుణ్యం

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లోని వలస కుటుంబాల పిల్లవాడెవరైనా నేరారోపణకు గురైతే, 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అతన్ని బాల న్యాయమండలి ఎదుట తొలిసారి హాజరుపరచిన నాటి నుంచి 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి గాని సామాజిక కార్యకర్త గాని సామాజిక దర్యాప్తు నివేదిక, అనగా అతని ఇల్లు, చదువు, సావాసాలు, నేరానికి దారితీసిన పరిస్థితుల వివరణ, సమర్పించవలసి ఉంటుంది. అలాంటి పరిస్థితుల్లో పేదరికం, వలస, ఒంటరితనం కలిసి మనిషిని సులువుగా హానికి లోనుచేసే స్థితిని పరిశోధకులు దుర్బలత అంటారు. రాత్రి షిఫ్టు దిగివచ్చిన తల్లిని బెదరకుండా హిందీలోనో ఒడియాలోనో పలకరించి, ఇరుగుపొరుగు చెప్పిన పుకారును చూసిన నిజం నుంచి వేరుచేసి, ‘చెడ్డవాడు’ వంటి తీర్పు మాటను నివేదికలోకి రానీయని ఓర్పు గలవారికే ఆ దుర్బలత నిజరూపంలో కనిపిస్తుంది. మండలి నిర్ణయానికి ఆధారమయ్యే ఈ దర్యాప్తు పని ఎంతో గౌరవనీయమైనది. దీనికి తగినంత సిబ్బందినీ శిక్షణనూ ప్రభుత్వం సమకూర్చాలి.