ముఖమునకు అల్లము

ఉక్కునగరమున మా పొరుగింటి ఇల్లాలు, ముడుతలు పడు చర్మమునకు మంచిదని విని, అల్లము తురిమి గుడ్డలో పిండిన రసమును తేనెతోను శనగపిండితోను కలిపి, "అక్కయ్యగారూ, మీరూ రాసుకొని చూడండి" అని ఈ వారము ఒక గిన్నెడు పంపినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. సీసాలలో వచ్చు లేపనములకంటె మన చేతిమీదుగా అరగిన గంధమే మేలని ఈ శీర్షికలో ఎన్నిమారులు వ్రాసితినో, నలుగు మరచిన ఇండ్లను గూర్చి ఎంత నొచ్చుకొంటినో పాఠకులెరుగుదురు. అందునా అల్లము మాకు పరాయిది కాదు. పాడేరు, చింతపల్లి మన్యమున గిరిజనులు పసుపుతోపాటు పండించు పంట.

మూత తీయగానే తగిలిన ఘాటునకు మా అమ్మమ్మ స్మరణకు వచ్చినది. తలనొప్పి యని ఎవరు మూలిగినను ఆమె సానమీద నాలుగు నీటిచుక్కలు వేసి శొంఠికొమ్ము అరగదీసెడిది. బూడిదవన్నె గంధము చిక్కబడగానే అనామికతో తీసి కణతలకు పట్టువేయగా, మొదట చల్లగా నుండి, ఆరుచున్నకొలది చర్మమును బిగించి, పిమ్మట కన్నుల నీరు తిరుగునట్లు మండెడిది. పట్టు ఎండిన తక్షణమే తడిగుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాసెడిది. ఆలసించినచో అచ్చట నల్లని మచ్చ నిలిచెడిది. కనుబొమ్మ దాటి ఆ గంధమును ఒక్కనాడును దిగనీయలేదు. బుగ్గలకు రాయమని నేను మారాము చేసినపుడు, "అది మందే తల్లీ, సింగారం కాదు" అనెడిది.

ఆమె మాటకు శాస్త్రమున ఆధారము కలదు. పచ్చి అల్లపు కారమునకు మూలమైన జింజరాల్, ఎండునపుడు అంతకంటె ఘాటైన షోగాల్‌గా మారును. జింజరాల్‌కు ఆక్సీకరణను నిరోధించు గుణము కలదని ప్రయోగశాలలో చూచిరి, నిజమే. కాని పరీక్షనాళికలోని గుణము చెంపమీది ముడుతను తీయుననుట వేరు మాట. చరకసంహిత సూత్రస్థానపు నాల్గవ అధ్యాయమున, వర్ణమునకు హితములైన పదింటిలో చందనము, వట్టివేరు, మంజిష్ఠ, సుగంధపాల కలవు. వయస్సును నిలుపు పదింటిలో తిప్పతీగ, కరక్కాయ, ఉసిరిక, మండూకపర్ణి కలవు. అల్లము రెండింటను లేదు. అది జఠరాగ్నిని రగిల్చు దీపనీయములలోను, చలిని పోగొట్టు ద్రవ్యములలోను కనబడును. పూర్ణామార్కెట్టులో అల్లమమ్ము అవ్వను అడుగగా, "మొకానికి అల్లమేటమ్మా, మండిపోదా? టీలో ఎయ్యి" అన్నది.

వయస్సుతో చర్మము పలుచనగును, తైలము తగ్గును, ఒకసారి రేగినచో త్వరగా కుదుటపడదు; యౌవనమున ఓర్చుకొన్న మంట అప్పుడు దద్దురై మిగులును. మా విశాఖ వంటి ఊర ముఖమును ముదిపించునది ప్రధానముగా ఎండ. ఆకాశమునుండి పడునది చాలక ఇసుకమీదను నీటిమీదను ప్రతిఫలించి మరల ముఖమునకు వచ్చును. అందలి అతినీలలోహిత కిరణములు చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెన్‌ను క్రమముగా శిథిలము చేయును. రేవులో ఎండనపడి పనిచేయు కూలీల మెడలమీది లోతైన గీతలు చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

కనుక పగటివేళ బయలుదేరు అక్కచెల్లెండ్రు గొడుగు పట్టుకొనవలెను, ముఖమునకు అంగటిలో కొన్న సన్‌స్క్రీనే పూసికొనవలెను, సీసాయని జంకవలదు. నలుగు ఒంటికి మానవద్దు. అల్లమే రాయుదుమని పట్టుపట్టువారు ముందుగా మోచేతి లోపలివైపున చిటికెడు రాసి, ఒకటి రెండు దినములు చూచి, దురదగాని ఎఱ్ఱదనముగాని కనబడినచో అంతటితో విడిచిపెట్టవలెను.