మాయాబజార్‌లోని మాయకు నియమములు కలవా?

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ చిత్రమును ఎరుగని తెలుగువారు అరుదు. అందు కృష్ణ పాత్ర ధరించిన నందమూరి తారక రామారావు స్వగ్రామము నిమ్మకూరు ఉయ్యూరు నుండి బందరు పోవు దారికి చేరువనే ఉన్నది. రచయిత పింగళి నాగేంద్రరావు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుకొన్నవాడు. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతమున లేదు. నాటకకర్తలు, చిత్రనిర్మాతలు తలా ఒక చేయి వేసి పెంచిన కథ ఇది. కనుక ఇందలి మాయ ఎట్లు పనిచేయునో వాదించుకొనుటకు ప్రేక్షకులకు గూడ చోటున్నది. ఆ వాదములను శాస్త్ర విద్యార్థి ఊహాసిద్ధాంతములుగా నెంచి పరీక్షింపవచ్చును.

మొదటి వాదము: మాయ యనగా కనులకు కలుగు భ్రాంతి మాత్రమే. పెండ్లిపీటలమీద లక్ష్మణకుమారునకు తోచు భయంకర రూపములు ఇతరులకు కనబడవు గదా! కాని నిద్రించుచున్న శశిరేఖ శయ్యతో కూడ ద్వారకను విడచిపోయినది. భ్రాంతి మంచమును మోయజాలదు. విరుద్ధమైన దృశ్యము ఒక్కటి చాలును, సిద్ధాంతము నిలువదు.

రెండవ వాదము: మాయ మనిషిని పూర్తిగా మార్చివేయును. అట్లయినచో శశిరేఖ రూపముననున్న ఘటోత్కచుడు పాట నడుమ మగగొంతుక ఎత్తనేల? వరుని పాదమును తొక్కి నలుపనేల? సావిత్రి నటన అంతయు ఈ భేదము మీదనే ఆధారపడినది.

మూడవ వాదము: రూపము మారును, స్వభావమును బలమును మారవు. ఇది ఈ పాట, పెండ్లి దృశ్యములకు సరిపోవును. కాని విందు ఆరగించుటకు ఘటోత్కచుడు దేహమును పెంచిన సంగతి యేమి? గెలీలియో 1638 నాటి గ్రంథమున వివరించిన సూత్రము ప్రకారము, ఆకారము మారక ఎత్తు రెండింతలైనచో ఎముకల అడ్డుకోత వైశాల్యము 4 రెట్లు, బరువు 8 రెట్లు అగును. 100 కిలోల దేహము 800 కిలోలగును. ఎముకపై ఒత్తిడి రెట్టింపగును. అదనపు 700 కిలోలు గాలి నుండి తీసికొనవలెనన్న సుమారు 580 ఘనమీటర్ల గాలి కావలెను. ఈ లెక్కకు కథలో జవాబు లేదు.

అన్నిటిలో మేలైన కల్పన సత్యపీఠము. దానిపై నిలిచినవాడు నిజమే పలుకవలెను. ఈ నియమమును ముందుగానే తెలిపి, చివర శకుని చేత దానిని త్రొక్కించిరి. నియమము ఎవరి పక్షమును వహింపలేదు గనుకనే ముగింపు న్యాయముగ తోచును. చిత్రమునకు లోపము లేకపోలేదు: మాయ చేయువానికి శ్రమయు వ్యయమును లేవు. అందుచే ఘటోత్కచుడు వచ్చిన పిమ్మట నాయికానాయకులకు ఆపద గలదను భావము సన్నగిల్లును.

తెరమీది మాయకు వేరొక వివరణము కలదు. అది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే విద్య. కెమెరాను ఆపి, వస్తువును కొంచెము జరిపి, మరల నడిపినచో వస్తువు తనంత తాను కదలినట్లు కనబడును. నేడు చేతి ఫోనుతో తరగతిలోనే దీనిని చేసి చూడవచ్చును.

కథలోని వివరణమునకు పొందిక చాలును. లోకములోని వివరణమునకు ప్రయోగము కావలెను. ఈ భేదమును మరచినవారే మంత్రించిన తాయెత్తు రోగము కుదుర్చునని నమ్మి, వైద్యుని వద్దకు ఆలస్యముగ పోవుదురు. అట్టి మాయాచికిత్సల ప్రకటనలను అరికట్టుటకే 1954లో చట్టము వచ్చినది. చట్టము ప్రకటనను ఆపగలదు గాని నమ్మకమును ఆపలేదు. ఘటోత్కచుని మాయకు విరుద్ధ దృశ్యమును వెదకనేర్చిన విద్యార్థి, తాయెత్తు అమ్మువానిని గూడ అదే ప్రశ్న అడుగగలడు: కుదరని రోగుల మాట యేమి?