తాకి కొలిచే సూక్ష్మదర్శిని

పరమాణు బల సూక్ష్మదర్శిని తీసిన బొమ్మలు పత్రికల్లో అచ్చయినప్పుడు వాటిని మనం ఫొటోలుగానే చూస్తాం. గోధుమరంగు నేల మీద పసుపుదారాల్లా పరుచుకున్న డీఎన్ఏ పోగులు, వాటి పక్కన గుట్టగుట్టలుగా ప్రొటీన్లు. ఆ రంగులు కంప్యూటరు పూసినవి. బొమ్మలోని ప్రతి చుక్కా ఒక ఎత్తు, అంతే. అది కూడా ఒక సన్నటి మొన ఉపరితలాన్ని తడుముకుంటూ పోయి చెప్పిన ఎత్తు. ఎంత చిన్నదాన్ని చూపించగలదు అన్న ఒక్క లెక్కతోనే ఈ పరికరాన్ని బేరీజు వేస్తుండడం వల్ల దాని అసలు విలువ మరుగున పడుతోంది. వెలుతురుతోనో ఎలక్ట్రాన్లతోనో చూసే పరికరాలు ప్రధానంగా ఆకారం చెబుతాయి. ఇది తాకుతుంది కాబట్టి గట్టిదనం, మెత్తదనం, పట్టు కూడా చెబుతుంది. జీవకణాల విషయంలో ఈ రెండోదే పెద్ద సంగతి.

దీని పుట్టుకకు కారణం ఒక లోటు. జూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో 1981లో గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ తయారుచేసిన టన్నెలింగ్ మైక్రోస్కోపు పరమాణువులను విడివిడిగా చూపించింది. కానీ అది విద్యుత్తు ప్రవహించే వస్తువుల మీదే పనిచేసేది. కణం పైపొరకూ ప్రొటీనుకూ అది పనికిరాదు. 1986లో బినిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ విద్యుత్తుకు బదులు బలాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. వాళ్ల మొదటి పరికరంలో బంగారు రేకుకు చిన్న వజ్రపు ముక్క అతికించి ఉండేది. ఇప్పుడు ఎక్కువగా సిలికాన్ నైట్రైడ్ పట్టీలు వాడుతున్నారు. పొడవు ఒకటి రెండు వందల మైక్రోమీటర్లు, కింద ఉన్న మొన కొస వ్యాసార్ధం పది నానోమీటర్ల దాకా. మొన ఎగుడుదిగుళ్లు దాటుతుంటే పట్టీ వంగుతుంది. పట్టీ వీపు మీద పడి తిరిగివచ్చే లేజర్ కిరణం ఆ వంపును పట్టిస్తుంది. మెత్తటి నమూనాలైతే మొనను ఈడ్చకుండా, పట్టీని కంపింపజేస్తూ తేలిగ్గా తట్టిస్తారు. ఇదంతా ఉప్పునీటిలోనే చేయవచ్చు. కణాన్ని ఎండబెట్టనక్కరలేదు, రంగు వేయనక్కరలేదు.

పరికరం ఎంత ఖరీదైనదైనా పని మొదలయ్యేది అభ్రకం ముక్కతోనే. మన నెల్లూరు సీమలో గూడూరు చుట్టుపక్కల గనుల్లో తవ్వే మస్కోవైట్ జాతి అభ్రకమే ఇక్కడా పీట. దాని మీద మామూలు జిగురు టేపు అంటించి లాగితే పైపొర లేచి వస్తుంది. కింద అంతదాకా గాలి సోకని, పరమాణు స్థాయిలో చదునైన తలం బయటపడుతుంది. నీటిలో అభ్రకానికీ డీఎన్ఏకీ రెండింటికీ రుణావేశమే కనుక ఒకదానికొకటి అంటవు. మధ్యలో మెగ్నీషియం అయాన్లు కలిపితే నిలుస్తాయి. ఎక్కువైతే డీఎన్ఏ కదలకుండా అతుక్కుపోతుంది, తక్కువైతే మొన తగలగానే జారిపోతుంది. ఈ పాళ్లు కుదుర్చుకోవడంలోనే పనితనం ఉంది.

మొనను పైకి లాగితే ఏం తెలుస్తుందో 1997లో మ్యూనిక్‌లో హెర్మన్ గౌబ్ బృందం చూపించింది. కండరాల్లో ఉండే టైటిన్ అనే పొడవాటి ప్రొటీనును ఒక కొస మొనకు అంటించి మెల్లగా లాగారు. బలం పెరుగుతూ పోయి ఒక్కసారిగా పడిపోయింది. మళ్లీ పెరిగింది, మళ్లీ పడింది. గీత రంపపు పళ్లలా వచ్చింది. ఒక్కో పన్నూ ప్రొటీనులో ఒక్కో ముడి విడిపోవడం. ఒక్కో ముడికి 150 నుంచి 300 పికోన్యూటన్ల బలం పట్టింది. కండరం సాగినప్పుడు తట్టుకునే శక్తిని ఇలా ఒక్క అణువులో కొలవగలగడం ఆకారాన్ని చూసే ఏ పరికరానికీ సాధ్యం కాని పని.

తాకితే వస్తువు చెదరదా అన్నది న్యాయమైన ప్రశ్నే. చెదురుతుంది. మొన మందం బొమ్మలో కలుస్తుంది కూడా. రెండు నానోమీటర్ల డీఎన్ఏ పోగు పది నానోమీటర్ల వెడల్పుతో కనబడడం మామూలే. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు వెడల్పును అనుమానించి ఎత్తును ఎక్కువ నమ్ముతారు. మెత్తటి పోగు మొన కింద అణిగితే ఆ ఎత్తు కూడా తగ్గుతుంది. అయితే చెదరడం ఎంతన్నది పరీక్షించి తేల్చవచ్చు. కనజావా విశ్వవిద్యాలయంలో తోషియో ఆండో బృందం వేగంగా పనిచేసే పరికరం తయారుచేసి, 2010లో మయోసిన్ 5 అనే ప్రొటీను యాక్టిన్ పోగు మీద 36 నానోమీటర్ల అంగలు వేస్తూ నడవడాన్ని చూపించింది. మొన తడుతున్నా దాని నడక వేగం, ఫ్లోరోసెన్స్ పద్ధతిలో తాకకుండా కొలిచిన వేగంతో సరిపోయింది. ఒక్క బొమ్మకు నిమిషాలు పడుతుందన్న పాత ఫిర్యాదుకూ ఇదే జవాబు.

క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ఇంతకన్నా సూక్ష్మంగా చూపుతుంది కదా అని మరో వాదన. ప్రొటీను నిర్మాణం కావాలంటే నిస్సందేహంగా దాని దగ్గరికే వెళ్లాలి. కానీ అది గడ్డకట్టించిన వేలాది అణువుల సగటు. బతికున్న కణం గట్టిదనం అందులో దొరకదు. మామిడిపండు మగ్గిందో లేదో రంగును బట్టి కాక నొక్కి చూసి చెప్పినట్టే ఇక్కడ కూడా. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రోగుల ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన కణాలను ఇలాగే నొక్కి చూశారు. రూపంలో పోల్చుకోలేనంత దగ్గరగా ఉన్నా, క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నాయి.

ఇంత స్పష్టమైన తేడా కనబడినా ఆసుపత్రుల్లో ఇది మామూలు పరీక్షగా మారకపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. ఎంత వేగంగా నొక్కారు, ఎంత లోతుకు, మొన సూదిగా ఉందా గుండ్రంగా ఉందా, కణం ఏ తలం మీద కూర్చుంది అన్నవి మారితే అదే కణానికి వేరే అంకె వస్తుంది. పట్టీ బిగువును కూడా ముందుగా సరిచూసుకోవాలి. దాన్ని తప్పుగా లెక్కిస్తే ఆ తర్వాతి కొలతలన్నీ తప్పే. అందుకని కణం మెత్తదనాన్ని ఒంటరి అంకెగా ప్రకటించే పత్రాలను నేను ఒప్పుకోలేను. మొన ఆకారం, పట్టీ బిగువు, నొక్కిన వేగం, లోతు పక్కనే ఉండాలి. అవి ఉంటేనే ఒక ప్రయోగశాలలో తేలిన మెత్తదనాన్ని ఇంకో ఊళ్లో ఇంకొకరు అదే పద్ధతిలో నొక్కి సరిచూడగలుగుతారు.