రెండు వైర్లు, ఒక బల్బు

పాత కారు నడిరోడ్డున ఉన్నట్టుండి చచ్చిపోయిందనుకోండి. లైట్లు లేవు, హారన్ లేదు, తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు కూడా రాదు. అప్పుడు చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? వెంటనే బానెట్ ఎత్తడు. డ్రైవరు సీట్లో కూర్చుని హారన్ నొక్కుతాడు. లోపలి లైటు వేసి చూస్తాడు. హెడ్‌లైట్లు వేసి ఉంచి సెల్ఫ్ కొడతాడు. ఈ మూడు పనులు అయ్యేసరికి జబ్బు ఏ వైపుందో సగం తేలిపోతుంది.

సెల్ఫ్ కొట్టగానే హెడ్‌లైట్లు మెల్లగా మసకబారితే బ్యాటరీలో చార్జి లేదు. టక్కున ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వస్తే ఎక్కడో లూజ్ కాంటాక్టు ఉంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గరో, ఎర్తు దగ్గరో. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, సెల్ఫ్ కూడా ఉలకకుండా ఉంటే కరెంటు సెల్ఫ్ దాకా పోనేలేదు. అసలు ఏదీ వెలగలేదా, ఇక నేరుగా బ్యాటరీ దగ్గరికి. ఇంత చక్కటి తర్కం ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నారని అడిగితే, మా బెజవాడ ఆటోనగర్ మేస్త్రీలు నవ్వుతారు. చూసి నేర్చుకున్నదే అంతా.

ఇక వాళ్ల పనిముట్టు. పన్నెండు వోల్టుల బల్బు హోల్డరు, దానికి రెండు వైర్లు, ఒక కొనకు మొసలి క్లిప్పు, రెండో కొనకు గోనెసూది. చెకింగ్ బల్బు అంటారు. దీన్ని చూసి కొత్త కుర్రాళ్లు ముఖం చిట్లిస్తారు, చేతిలో డిజిటల్ మీటరు ఉంది కదా అని. మీటరు మంచిదే, కాదనను. బ్యాటరీ తీరు కనుక్కోవడానికి దాన్ని మించింది లేదు: బండి ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజను తిరుగుతున్నప్పుడు 14కు అటూ ఇటూ రాకపోతే చార్జింగు లేనట్టు. కానీ పోయిన కరెంటును వెతికే పనిలో మీటరు మోసం చేస్తుంది. వైరులో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అది నిక్షేపంగా పన్నెండు చూపిస్తుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. బల్బు అలా కాదు, పని అడుగుతుంది. బ్రేక్‌లైటుకు వాడే 21 వాట్ల బల్బు ఒకటీముప్పావు ఆంపియర్లు లాగుతుంది. తుప్పు పట్టిన జాయింటు అంత ఇవ్వలేక చేతులెత్తేస్తుంది, బల్బు ఎర్రగా మినుకుమంటుంది. కుళాయి నోరు తడిగా ఉందని నీళ్లొస్తున్నట్టు కాదు, కింద బిందె పెట్టి చూడాలి.

అంబాసిడర్ మీద ఈ విద్య చూడాలి అసలు అందం. ఆ బండి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, కాబట్టి వైర్ల రంగులూ ఆ దేశపు లూకాస్ కంపెనీ పద్ధతివే. గోధుమరంగు వైరులో బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పాక వచ్చేది, పచ్చది అక్కణ్నుంచి ఫ్యూజు దాటి వచ్చేది, నల్లది ఎర్తు. హెడ్‌లైట్లకు నీలం. పాత మోడళ్లలో ఉండేవి రెండే ఫ్యూజులు. వైపరు, పెట్రోలు గేజి, బ్రేక్‌లైటు కలిసికట్టుగా పోయి ఇంజను మాత్రం నడుస్తుంటే పచ్చవైర్ల ఫ్యూజు చూడమనేవాళ్లు. హారనూ లోపలి లైటూ పోతే రెండోది. మొత్తం పోతే మాత్రం ఫ్యూజుల జోలికే వెళ్లరు. బ్యాటరీ కేబులు సెల్ఫు సోలినాయిడ్‌కు వచ్చి చేరే నట్టు దగ్గరికి పోతారు. బండికంతటికీ వెళ్లే గోధుమరంగు వైరు బయల్దేరేది అక్కణ్నుంచే. ఆ ఒక్క నట్టు వదులైతే బండి మొత్తం చీకటి.

ఇంగ్లండువాళ్లు లూకాస్ కంపెనీని ‘చీకటి రాజు’ అని వెక్కిరిస్తారట. నేనొప్పుకోను. రంగు చూసి కళ్లు మూసుకుని దారి చెప్పగలిగే వైరింగు ఇచ్చినవాణ్ని అంత మాట అనడమేంటి? మన దేశంలో లూకాస్-టీవీఎస్ 1961 నుంచీ సెల్ఫులూ డైనమోలూ చేస్తోంది. కరెంటు సెల్ఫ్‌తో స్టార్టయ్యే కారు 1912లో అమెరికాలో కాడిలాక్‌తో మొదలైందంటారు. చరిత్ర అంతవరకు చాలు.

ఒక పెద్దాయన గురించి చెప్పాలి. పేరు రాస్తే ఒప్పుకోడు. ఓ అంబాసిడర్ వచ్చింది, సెల్ఫ్ కొడితే మూలుగుతోంది, రెండోసారి కొడితే అదీ లేదు. బ్యాటరీ కొత్తది. ఓనరు కంగారుగా “బ్యాటరీ డూప్లికేటు అంటగట్టారా మేస్త్రీ గారూ?” అన్నాడు. ఆయన జవాబివ్వకుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి చోక్ నాబ్ పట్టుకున్నాడు. వేడిగా ఉంది. “ఎర్తు పట్టీ తెగింది సార్” అన్నాడు, అంతే. బానెట్ తీస్తే ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఉండాల్సిన రాగి జడ నూనెలో నానిపోయి రెండు ముక్కలై వేలాడుతోంది. సెల్ఫు మోటారు లాగే వందల ఆంపియర్లు తిరిగి వెళ్లడానికి దారి లేక చోక్ కేబులు గుండా పోతున్నాయి. అదింకాస్త సేపు సాగుంటే కేబులు పొగలు కక్కేదే.

చెయ్యి పెట్టి చూడటం ఈ విద్యలో రెండో రహస్యం. జాయింటులో అడ్డం ఉన్నచోట వేడి పుడుతుంది. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, గబగబా టెర్మినళ్లూ సోలినాయిడ్ నట్లూ ముట్టుకుంటూ పోతే వేడెక్కినదే దొంగ. మారుతి 800లో ఇంకో కిటుకు. బ్యాటరీ పక్కన ఫ్యూజిబుల్ లింకు అని చిన్న వైరు ముక్క ఉంటుంది. పెద్ద షార్టు వస్తే అది కాలి బండిని కాపాడాలి. పైన తొడుగు చెక్కుచెదరకుండా లోపల తీగ కరిగిపోతుంది, కంటికి ఏమీ కనిపించదు. రెండు వేళ్లతో లాగితే రబ్బరులా సాగుతుంది. సాగిందంటే పోయినట్టే.

ఫ్యూజు వేసిన ప్రతిసారీ కాలిపోతుంటే మంచి మేస్త్రీ డబ్బాడు ఫ్యూజులు తగలెయ్యడు. ఫ్యూజు తీసి ఆ రెండు కొనల మధ్య చెకింగ్ బల్బే పెడతాడు. షార్టు ఉన్నంతసేపూ బల్బు కాంతిగా వెలుగుతుంది, కానీ వైరు కాలదు. ఇక ఒక్కో కనెక్టరూ ఊడదీస్తూ, వైర్ల కట్టను అక్కడక్కడా కదిలిస్తూ వెళ్తాడు. ఎక్కడ బల్బు మసకబారిందో అక్కడుంది గాయం. స్పీడ్‌బ్రేకరు ఎక్కినప్పుడల్లా చచ్చిపోయే ఒక ప్రీమియర్ పద్మినిని ఇలాగే చూశాను. తాళం దాటాక వచ్చే వైరుకు బల్బు తగిలించి అద్దం ముందు వేలాడదీశాడు మేస్త్రీ. స్క్రూడ్రైవరు పిడితో బ్యాటరీ నుంచి మొదలుపెట్టి వైరు వెంట తట్టుకుంటూ వచ్చాడు. తాళం వెనక తట్టగానే బల్బు కన్ను కొట్టింది. స్విచ్చి వెనక రేకు వదులైంది. ప్లయర్‌తో చిన్న నొక్కు నొక్కాడు, పని అయిపోయింది. స్విచ్చి మార్చలేదు. అది గొప్ప.

ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. బండి ఆగింది, బ్యాటరీ మార్చు. మళ్లీ ఆగింది, ఆల్టర్నేటర్ మార్చు. ఇంకా ఆగితే “పాత బండి కదా సార్, అమ్మేయండి”. నా బండికి ఒక పెద్ద షోరూములో ఇదే పాట పాడారు. చివరికి తేలింది టెర్మినల్ మీద పేరుకున్న తెల్లబూజు. వేడినీళ్లు, కాస్త వంటసోడా, ఒక పాత బ్రష్షు, పైన వ్యాసలీను: ఖర్చు ఇంతే. స్కానరు పెట్టాలంటారు కొందరు. కార్బురేటర్ బండిలో దాన్ని గుచ్చడానికి సాకెట్టేది నాయనా?

అంతకన్నా ఘోరం నాసిరకం వైరింగు. రాగి పూసిన అల్యూమినియం తీగలు రాగి వైరు పేరుతో అమ్ముతున్నారు. మ్యూజిక్ సిస్టమ్ కోసం బంగారంలాంటి మెయిన్ వైరును బ్లేడుతో గీకి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తున్నారు. సోల్డరు లేదు, లగ్గు లేదు. ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టె రేకు! 60/55 వాట్ల బల్బుకు తగ్గట్టు వేసిన వైరు మీద 100/90 పెట్టి, రిలే కూడా వేయరు. స్విచ్చి కరిగిపోతే కంపెనీని తిడతారు. మంటలంటుకున్న కార్ల వార్త చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ టేపు చుట్టలే.

మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయాయి. వాటిని చదవగల చేతులు కూడా ఒక్కొక్కటే విశ్రాంతి తీసుకుంటున్నాయి. పిల్లలు ఆ షాపుల్లో సీటు కవర్లు, ఎల్ఈడీ పట్టీలు అమ్ముతున్నారు. తప్పు వాళ్లది కాదు. గంటసేపు వెతికి ఒక నట్టు బిగించిన మేస్త్రీకి రెండొందలివ్వడానికి బేరమాడి, అనవసరంగా బ్యాటరీ మార్చినవాడికి వేలల్లో నవ్వుతూ ఇచ్చేది మనమే కదా. ఐటీఐలలో ఆటో ఎలక్ట్రికల్ ట్రేడు నడుస్తోంది. ప్రిన్సిపాళ్లకు నా మనవి: చుట్టుపక్కల ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మేస్త్రీని గౌరవంగా పిలిచి, గౌరవవేతనమిచ్చి, పిల్లల ముందు ఒక చచ్చిన అంబాసిడర్‌ను పెట్టండి. మీటర్లు ఆ పూటకు బీరువాలోనే ఉండనివ్వండి. ఆయన రానంటే, సర్టిఫికెట్ లేదు కదా అని మొహమాటపడుతున్నాడన్నమాట. రెండోసారి మీరే షాపుకు వెళ్లి పిలవండి.