పులుసు చిక్కబడితే వాసన ఎటు పోతుంది?

మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణలో ఇల్లిల్లూ పాటించే ఆనవాయితీ కాబట్టి, జూన్ మొదటి వారం దాటగానే భువనగిరిలో చేపల బుట్టల చుట్టూ జనం మూగుతారు. కొరమీను దొరికితే సంబరం, దొరక్కపోతే రవ్వ, లేదంటే బొచ్చె. ఏ చేపైనా చివరికి చేరేది చింతపండు పులుసులోకే. ఈ వారం ఆ పులుసు గురించే రాస్తున్నాను, అందులోంచి లేచే వాసన గురించి. కారణం ఉంది. ఈమధ్య దావతుల్లో, హోటళ్ళలో వడ్డిస్తున్న పులుసులు కంటికి చిక్కగా నిగనిగలాడుతున్నాయి. కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే మెంతి లేదు, జీలకర్ర లేదు, కొత్తిమీర జాడే లేదు. ఆ నిగనిగలు కార్న్‌ఫ్లోర్‌వి.

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు పనే. నమిలి మింగేటప్పుడు నోట్లోని గాలి గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. ఇది మెంతి, ఇది ఇంగువ అని గుర్తుపట్టేది అక్కడే. కనుక గిన్నెలో ఎంత మసాలా పడిందన్నది లెక్క కాదు, అందులోంచి ఎంత గాలిలోకి లేచిందన్నదే లెక్క. పులుసులో ఈ లేవడాన్ని నడిపించేవి రెండు: పులుపు, చిక్కదనం.

ముందు పులుపు సంగతి. సముద్రపు చేప నీచు వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైలమీన్. అది క్షార గుణం ఉన్న పదార్థం. పులుపు తగిలితే లవణంగా మారి నీళ్ళలోనే ఉండిపోతుంది, గాలిలోకి లేవలేదు. చేప వేపుడు మీద నిమ్మకాయ పిండినా జరిగేది ఇదే. మన చెరువు చేపల్లో ఆ పదార్థం తక్కువ. వాటితో వచ్చే తంటా బురద వాసన. దాని మూలం జియోస్మిన్. నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలోని ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లో వంతులు ఓ పది ఉన్నా చాలు, మనిషి ముక్కు పసిగడుతుంది. తొలకరికి నేల తడిసినప్పుడు వచ్చే మట్టి వాసనలో ఉన్నదీ ఇదే. 1965లో జెర్బర్, లెషెవాలియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి పేరు పెట్టారు. మృగశిర జల్లులో గుండె నిండా పీల్చుకునే ఆ వాసనే చేప ముక్కలో తగిలితే మొహం తిప్పుకుంటాం. ఆమ్లం తగిలితే జియోస్మిన్ ఒక నీటి అణువును పోగొట్టుకుని వాసన లేని ఆర్గోస్మిన్‌గా మారుతుంది. చేప ముక్కలకు ఉప్పు, పసుపు, చింతపండు రసం పట్టించి కాసేపు ఉంచి కడిగే మన ఆడవాళ్ళ పద్ధతిలో అంత పని దాగి ఉంది. దాన్ని ఉత్త చాదస్తం అనేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

చింతపండులో ఇంకో మంచి గుణం ఉంది. దాని పులుపు టార్టారిక్ ఆమ్లానిది. అది ఆవిరై లేవదు, కాబట్టి మిగతా వాసనలకు అడ్డు రాదు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం అట్లా కాదు, తానే ముందు ముక్కులోకి దూరుతుంది. చింతపండు లేదని వెనిగర్ పోసి పులుసు పెట్టినవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు.

అయితే పులుపు అన్ని వాసనలకూ మేలు చేయదు. పచ్చిపులుసే చూడండి. తెలిసినవాళ్ళు తరిగిన ఉల్లిగడ్డను, కాల్చిన మిరపకాయలను ఉప్పు, జీలకర్రతో కలిపి ముందు చేత్తో గట్టిగా పిసుకుతారు. చింతపండు రసం పోసేది ఆ తర్వాతే. ఉల్లి కణాలు చితికినప్పుడు అందులోని ఎంజైమ్ మేల్కొని గంధకపు ఘాటును పుట్టిస్తుంది. పులుపు ముందే చేరితే ఆ ఎంజైమ్ పని మందగిస్తుంది. ఎల్లిగడ్డ విషయంలోనూ అంతే, నలిపాక కొద్దిసేపు ఆగి పులుపులో వేయాలి. పచ్చిపులుసులో చిక్కదనానికి ఏమీ కలపం. నీళ్ళలా పలచగా ఉంటుంది గనుకనే పచ్చి ఉల్లి, కొత్తిమీర అంత సూటిగా తగులుతాయి. దాన్ని చిక్కబరచాలన్న ఆలోచన కూడా రాకూడదు.

ఇక పిండి. బియ్యప్పిండి కలిపిన పులుసు 70 డిగ్రీల చుట్టుపక్కల వేడికి చేరేసరికి గింజలోని పిండి పదార్థం నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, పులుసు దగ్గరపడుతుంది. అప్పుడు వాసన అణువులకు పైకి రావడం కష్టమవుతుంది. దానికి తోడు పిండి పదార్థంలో అమైలోజ్ అనే గొలుసులు సుడి తిరిగి ఉంటాయి, కొన్ని రకాల వాసన అణువులు ఆ సుడుల లోపల చిక్కుకుంటాయి. శెనగపిండి అయితే అందులోని ప్రోటీన్ కూడా తన వంతు పట్టుకుంటుంది. చల్లచారులో శెనగపిండి వేయక తప్పదు, లేకపోతే మరిగేటప్పుడు చల్ల విరిగిపోతుంది. అందుకే దానికి పోపు ధారాళంగా ఉండాలి, అదీ దించే ముందే పడాలి.

మా పెద్దమ్మ పులుసులో పిండి కలిపే వేళను ఎవరి చేతికీ వదిలేది కాదు. "ముందుగాల్ల పోస్తే పలచబడతది బిడ్డా, ఆఖరుకే పొయ్యాలె" అనేది. చింతపండు పులుపులో ఎక్కువసేపు మరిగితే పిండి గొలుసులు తెగిపోతాయి. అప్పుడు చిక్కదనం కోసం ఇంకా పిండి పోస్తాం, వాసన ఇంకా అణగారిపోతుంది. ఆమె చెప్పిన వరుసలో చేస్తే తక్కువ పిండితోనే పని అవుతుంది.

చిక్కటి పులుసులో వాసన తగ్గడానికి కారణం పిండి దాన్ని ఆపడం ఒక్కటేనని చాలాకాలం అనుకున్నారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పరిశోధించినవాళ్ళు మరో సంగతి బయటపెట్టారు. 1999లో చూయింగ్ గమ్ మీద ఒక ప్రయోగం చేశారు. నమిలేవాళ్ళు పుదీనా వాసన తగ్గిపోయిందన్నప్పుడు ముక్కులోని గాలిని కొలిస్తే పుదీనా తగ్గలేదు, నోట్లో చక్కెర తగ్గింది. 2002లో చిక్కని ద్రవాలతోనూ అటువంటి ఫలితమే కనిపించింది. ముక్కుకు చేరిన వాసన అంతే ఉంది, తాగినవాళ్ళు మాత్రం తగ్గిందన్నారు. చిక్కదనం నాలుకకు రుచి సరిగా అందనివ్వదు, నాలుక మందగిస్తే మెదడు వాసనను కూడా తక్కువ చేసి చూపిస్తుంది. వంటింటికి ఇది ఎంత పనికొచ్చే మాటో చూడండి. పిండి పోశాక పులుసు చప్పబడితే చాలామంది ఇంకో చెంచా మసాలా వేస్తారు. ముందు చూసుకోవలసింది ఉప్పు, పులుపు.

పిండి లేకుండా చిక్కబడే దారులు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. చేపల పులుసులో వేయించిన నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి నూరి కలుపుతాం. నువ్వులు వేగినప్పుడు పుట్టే పైరజీన్లకు క్షార గుణం చాలా తక్కువ, కనుక చింతపండు పులుపు వాటిని అమీన్లలాగా కట్టేయలేదు. ఈ గింజల్లోని నూనె మసాలా వాసనలను తనలో దాచుకుని మెల్లగా వదులుతుంది, మింగాక కూడా నోట్లో నిలిచేది అదే. మెంతులు మరీ గొప్పవి. వాటిలో గోరుచిక్కుడు గింజల్లో ఉండేలాంటి జిగురు ఉంది, సొటోలాన్ అనే ఘనమైన వాసనా ఉంది. చిటికెడు మెంతిపొడి పులుసును చిక్కబరుస్తూనే దానికి వాసన ఇస్తుంది. కార్న్‌ఫ్లోర్ ఇచ్చేది ఏమీ లేదు, తీసుకోవడమే. యాదగిరిగుట్ట పులిహోర దారి ఇంకొకటి. అక్కడ చింతపండు గుజ్జును మరిగించి దగ్గరపెడతారు, పోపు నూనె వాసనను అన్నం మెతుకు మెతుక్కీ అంటిస్తుంది.

చింతచెట్టు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పండు పులుపునిస్తే, గింజ చిక్కదనాన్నిస్తుంది. మన పొరుగునే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు బట్టకు పూత వేసేది చింతగింజల జిగురుతోనే. ఆ జిగురు పులుపుకూ వేడికీ తొందరగా చెదరదు. జపాన్‌లో దాన్ని సాస్‌లలో దశాబ్దాలుగా వాడుతున్నారు. మన దగ్గర మాత్రం గింజలు చాలావరకు వంటింటి గడప తొక్కవు. చింతపండు కొట్టే ఊళ్ళలో ఆ గింజకు తిండి విలువ కూడా దక్కాలని నా కోరిక.

ఈ మృగశిరకు చేపల పులుసు పెట్టేవాళ్ళను నేను అడిగేది ఇంతే. కార్న్‌ఫ్లోర్ డబ్బా అల్మారాలోనే ఉండనివ్వండి. నువ్వులూ మెంతులూ దోరగా వేయించి అప్పటికప్పుడు నూరుకోండి. చిక్కబడ్డాక ఉప్పు, పులుపు మళ్ళీ చూడండి. కొత్తిమీర పొయ్యి ఆపాకే చల్లి మూత పెట్టండి.